పొనిరాన్ బిగించిన దీపం

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. ఒపాక్ ఏటికి వరదొస్తే మూడు మేకల్ని సైకిలు వెనక కట్టుకుని, దీపమైనా లేకుండా దాటినవాణ్ణి నేను. నాలుగో మేక సిగ్గుపడి ఈదుకుంటూ వచ్చింది. అంతటి నేనే… ఆ వెదురు మలుపు దగ్గర పాట ఆపేసేవాణ్ణి.

మా కరంగ్‌విలిస్ నుంచి సంతకి రెండు దారులు. చెరుకు తోటలు చుట్టి పోయే తారు రోడ్డు ఒకటి. ఏటిగట్టు మీద వెదురు పొదల్లోంచి పోయే అడ్డదారి ఒకటి. అడ్డదారిన ముప్పావు గంట కలిసొస్తుంది. అయినా చీకటితో ఎవరూ అటు పోరు… అక్కడ పొచోంగ్ ఉందని.

శవానికి చుట్టిన తెల్లగుడ్డకి కట్లు వేస్తాం కదా — గోతిలోకి దించాక వాటిని విప్పి, చెంప మట్టికి ఆనించాలి. నెత్తి మీది ముడి విప్పడం మరిచారో, పోయినవాడు పొచోంగ్ అయి లేచి వస్తాడు. కాళ్లు కట్టేసి ఉంటాయి, నడవలేడు. గెంతుతాడు. ఎదురొచ్చినవాళ్లని అడిగేది ఒక్కటే… విప్పమని.

లెగియెం మొగుడు తుగినో పోయి నెలన్నర. అతను నడిపిన అప్పడాల బేరం ఆమె భుజాన పడింది. రోజూ తెల్లారకముందే సంతకి చేరాలి. సోటో పులుసు అమ్మే అంగడి దార్సి ఎవరు ముందొస్తే వాళ్ల సరుకే దించుకుంటుంది. ఇన్నేళ్లూ ముందొచ్చింది తుగినోయే, చీకట్లో అడ్డదారిన పోయే ధైర్యం ఊళ్లో అతనొక్కడిదే మరి. ఆ ఒక్క అంగడి చేజారితే మిగతా సంతంతా తిరిగినా సగం మూట ఇంటికి రావలసిందే.

మొగుడి సైకిలు డచ్చివాళ్ల కాలంది. బరువుకి దున్నపోతు నయం. దాన్ని బాగుచేయడానికి పొనిరాన్ వచ్చాడు. తుగినోతో కలిసి పెరిగినవాడు, అతనూ అప్పడాలే అమ్ముతాడు. తుగినోని పూడ్చిన రోజు గోతిలోకి దిగి తల వైపు నిలబడింది కూడా అతనే.

"దీపం ఇంత కిందనా వదినా? అన్న ముందు చక్రం ఫోర్కుకి బిగించాడంటే బిగించాడు. బురదంతా దాని మొహానే కొడుతుంది. హ్యాండిల్ మీద పెడితే దూరం కనిపిస్తుంది. లారీవాడికి నువ్వూ కనిపిస్తావు."

"ముందు బుట్టలో మూట అడ్డం రాదూ?"

"అటూ ఇటూ కారుతుందిలే వెలుతురు. నువ్వు సంతకి పోతున్నావా, చీమలకి దారి చూపిస్తున్నావా?"

లెగియెం నవ్వింది. మొగుడు పోయాక అదే మొదటి నవ్వు. అలా నవ్వించినందుకు నాలుగు అరటికాయ బజ్జీలు అదనంగా పెట్టింది.

మర్నాడు చీకటితోనే అడ్డదారి పట్టింది. ఏటి మీంచి మంచు లేచి వెదురు మీద వాలి ఉంది. చక్రం తిరిగితేనే దీపం వెలిగించే డైనమో గురగురమంటోంది. మలుపు తిరిగింది —

మంచులో ఒక ఆకారం. తాడిచెట్టంత. చేతుల్లేవు. నెత్తి మీద… ముడి. సైకిలు గతుకులో పడింది. అది గెంతింది.

వెనక్కి తిప్పి ఆమె తొక్కిన తొక్కుడికి, గట్టు కింద నిద్రపోతున్న బాతులు నాలుగు రోజులు గుడ్లు పెట్టలేదు. చెబుతున్నాగా, నవ్వకండి.

సాయంత్రం పొనిరాన్ అంతా విని తల దించుకున్నాడు. గుసగుసగా అన్నాడు.

"వదినా… ఆ రోజు వాన, తొందర… తల ముడి విప్పానో లేదో… నాకే గుర్తు లేదు."

"ఏమన్నావ్?"

"ఎవరికీ చెప్పకు. నువ్వు మాత్రం ఆ దారిన పోకు. నేనూ తారు రోడ్డునే పోతాను."

ఆ రోజునుంచి లెగియెం తారు రోడ్డు మీదే. ఆమె సంతకి చేరేసరికి దార్సి అంగడిలో పొనిరాన్ సంచులు వేలాడుతుండేవి. "ఇంకాస్త ముందు లేవాలి వదినా," అనేవాడు జాలిగా. ఆమె ఇంకా ముందు లేచేది. అయినా అతనే ముందు.

పోయిన బేరం ఒక బాధ. మొగుడు గుడ్డలో బిగిసి, మంచులో గెంతుతున్నాడన్నది వేరే బాధ. ముద్ద దిగేది కాదు. నూరో రోజు దగ్గరపడింది. ఊరందరికీ అన్నం పెట్టి, దువా చదివించాలి. కట్లు విడని మనిషి పేరు మీద ఏ మొహంతో పెడుతుంది?

నూరో రోజు తెల్లవారుజామున మళ్లీ అడ్డదారి పట్టింది. విప్పడానికే.

మలుపు… మంచు… ముడి.

ఈసారి ఆమె పారిపోలేదు. దిగింది. చక్రం ఆగింది, దీపం ఆరింది, ఆకారం మాయమైంది. తోసింది — దీపం మినుకుమంది, అది మళ్లీ నిలబడింది.

"ఏమండీ… ఆగండి. విప్పుతాను."

ఆమె అడుగు ముందుకేస్తే, అది అడుగు వెనక్కి.

"నా మీద కోపమా?"

చక్రం గుంటలో పడింది. మూట ఒరిగింది. తోస్తూనే, పడిపోకుండా మూట ముడిని చేత్తో పట్టుకుంది —

ఎదుట మంచులో ఒక పెద్ద చెయ్యి లేచి, శవం జుట్టు పట్టుకుంది.

లెగియెం వేళ్లు కదిపింది. ఆ వేళ్లూ కదిలాయి.

మెల్లగా… ముడి లాగింది. ఎదుట ముడి విడిపోయింది. తల కూలిపోయింది.

మూట నీడ. హ్యాండిల్ మీది దీపం, దాని ముందు మూట, ఎదుట తెరలాగా మంచు. అంతే. బయట రోడ్డు మీద నేలన పడి కలిసిపోయే నీడ, ఇక్కడ లేచి నిలబడింది.

ఆమెకి నవ్వు రాలేదు. దీపం ఊడదీసింది. పాత బిగింపు ఫోర్కుకి అలాగే ఉంది. అందులో పెట్టి తోసింది. దయ్యం లేదు. వెలుతురు ఇప్పుడు నేల మీద పాకుతోంది. ప్రతి రాయికీ నీడ, ప్రతి గాడికీ అంచు. పైనుంచి చదునుగా కనిపించిన దారి నిండా… ఒకే టైరు అచ్చు.

చక్రం తిరిగిన ప్రతిసారీ మూడు గుబ్బలు. చిరిగిన టైరుకి మూడుచోట్ల ట్యూబు ముక్కలు చుట్టిన అచ్చు. ఆ ముక్కలు తుగినో పాత ట్యూబులోంచి తనే కోసి ఇచ్చింది, పొనిరాన్‌కి.

పోయిన అచ్చు, వచ్చిన అచ్చు. పాతదాని మీద కొత్తది. రోజూ.

సంతలో పొనిరాన్ సంచులు తగిలిస్తున్నాడు.

"దీపం కిందికి దించాను," అంది లెగియెం.

అతని చెయ్యి ఆగిపోయింది. "నాకూ… ముందు అలాగే కనబడింది వదినా. నేనూ పారిపోయాను. నా సైకిలుకీ దీపం దించాకే అది నీడని తెలిసింది."

దార్సి మోసం గ్రహించింది. పొనిరాన్ సంచులు ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. లెగియెం అటు చూడనైనా చూడలేదు.

"ముడి సంగతి చెప్పు."

"ఊరికే అన్నాను. విప్పాను వదినా," గుసగుసగా అన్నాడు. "ఒట్టు. విప్పాను."

"ఆ రోజూ ఇలాగే, ఇంత మెల్లగానే చెప్పావు."

బేరం ఆమెకి తిరిగొచ్చింది. ఆ సాయంత్రం నూరో రోజు అన్నాలకి ముందు మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగింది. "బాబాయ్, గోతిలోకి నువ్వూ దిగావుగా. ముడి విప్పాడా?"

"విప్పాడమ్మా. నా కళ్లతో చూశాను."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నువ్వు కాళ్ల వైపు కదా నిలబడ్డది?" అని వెళ్లిపోయింది.

మేకల సంగతి మీ ఇష్టం. బాతుల సంగతి మీ ఇష్టం. ఇది మాత్రం చూశాను — వానలో తడిసిన ముడి, వాడు పళ్లతో విప్పాడు. ఒక్క ముక్క కలపలేదు. సాక్షి పేరు కావాలా? రాసుకోండి. వాగిమిన్. కరంగ్‌విలిస్ వాగిమిన్… నేనే.