హైవే కిలోమీటర్లు లెక్కలోకి రావు

"హార్స్‌పవర్ నేనడగలేదండీ. టార్క్ ఎంత?" అంది మెకానిక్ షాపులో ఆ అమ్మాయి, నా కారు బానెట్ కింద నుంచి తలెత్తకుండానే.

నాకు తెలియదు. కారుకి పెద్ద టర్బో వేయించి, నాలుగొందల హార్స్‌పవర్ అని ఆఫీసంతా చాటుకున్నవాణ్ణి, ఆ ఒక్క అంకె దగ్గర నీళ్లు నమిలాను.

"క్లచ్ మొయ్యాల్సింది టార్క్‌ని, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని. హార్స్‌పవర్ ఫ్రెండ్స్‌కి చెప్పుకోడానికి."

నాకు ఒళ్లు మండింది. అసలే యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది గానీ బండి ముందుకి పోవట్లేదు. పాత క్లచ్ జారిపోతోంది.

"రేసు బళ్లకి వేసే సిరామిక్ క్లచ్ వేసెయ్యండి" అన్నాను.

"రేసులకి వెళ్తారా?"

"లేదు. ఆఫీసుకి."

"దార్లో సిగ్నల్స్ ఎన్ని?"

"పద్నాలుగు."

"సిరామిక్ అయితే పట్టుకుంటే ఒక్కసారే పట్టుకుంటుంది. సిగ్నల్ సిగ్నల్‌కీ బండి ఎగిరెగిరి పడుతుంది. సాయంత్రానికి మీ ఎడంకాలు మీ మాట వినదు."

ఇంతలో షాపు ఓనరు, అంటే వాళ్ల నాన్న, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుంటూ వచ్చాడు.

"అడిగింది వేసి పంపక ఈ ఆరాలన్నీ ఏంటమ్మాయ్? ఇంత పవర్‌కి మామూలు క్లచ్ డిస్క్ నిలవదు."

"మామూలుది కాదు నాన్నా. డిస్క్ మెత్తగా పట్టుకునేదే, దాన్ని నొక్కే ప్లేట్ మాత్రం గట్టిది. నేను లెక్క కట్టాను."

"నిలవకపోతే?"

"మునుపట్లా మళ్లీ షాపు ఫోన్లెత్తుకుంటూ కూర్చుంటాను. స్పానర్ ముట్టుకుంటే అడుగు."

నేను ఇంకా మొండికేసేవాణ్ణే. కానీ ఆమె ఆ లెక్క కాగితం నా ముందు పెట్టింది. అందులో పెన్సిల్‌తో నా పద్నాలుగు సిగ్నల్సూ అప్పటికే రాసుకుంది. అలాంటి మనిషిని కాదనడానికి నోరు రాలేదు.

మూడో రోజు తాళాలిస్తూ, "ఎనిమిది వందల కిలోమీటర్లు ఊళ్లోనే, మెత్తగా తిప్పండి. అయ్యాక రండి, చూస్తాను" అంది.

నా చెవికెక్కింది "అయ్యాక రండి" ఒక్కటే. రోజుకి ఇరవై కిలోమీటర్ల చొప్పున నలభై రోజులు! అన్నాళ్లు ఆమెను చూడకుండా ఉండటం నా వల్ల కాదు. శని, ఆదివారాలు హైవే ఎక్కాను. మెత్తగానే నడిపాను, అంతవరకు బుద్ధిమంతుణ్ణే. సోమవారం పొద్దున్నే షాపు ముందు హాజరు.

"అప్పుడే అయిపోయాయా!" అంది మీటర్ చూసి. నేనేదో ఘనకార్యం చేసినట్టు నవ్వాను.

వాళ్ల నాన్నే స్టీరింగ్ పట్టాడు. నేను పక్కన, ఆమె వెనక. మూడో గేర్లో గట్టిగా తొక్కగానే ఇంజన్ అరిచింది, వేగం పెరగలేదు. కాలిన వాసన గుప్పుమంది. ఆయన బండిని షాపుకి తిప్పేశాడు.

"రేపట్నుంచి ఫోన్ల దగ్గర కూర్చో" అన్నాడు దిగుతూ.

ఆమె జేబులోంచి గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"అంకుల్, తప్పు నాది. ఊళ్లో తిప్పమన్నారు. నేను హైవే మీద తిప్పాను."

ఆమె గిర్రున తిరిగింది. "ఎన్ని?"

"ఏడొందలు."

"హైవే మీద క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతారు? తొక్కి వదిలితేనే కదా కొత్త డిస్క్ కుదురుకునేది! ఒకసారి చెప్తే బుర్రకెక్కదా?"

"ఎందుకు చేశావు బాబూ అలా?" అన్నాడాయన.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆ కిలోమీటర్లన్నీ అయ్యాకే రమ్మన్నారు. మీ అమ్మాయిని తొందరగా చూడాలనిపించింది."

షాపులో పనంతా ఆగిపోయింది. ఆయన కళ్లజోడు కిందికి దించుకుని నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"క్లచ్ పోయిందా, ఉందా?"

"ఉంది. సరిగ్గా తిప్పితే కుదురుకుంటుంది."

"ఇతగాడికి వదిలేస్తే ఈసారి నిజంగానే తగలేస్తాడు. పక్కన కూర్చుని నువ్వే తిప్పించు. అప్పుడూ జారిందంటే మాత్రం ఫోన్లే."

నాలుగు వారాలు రోజూ సాయంత్రం ఇరుకు సందులూ, బస్‌స్టాపులూ, సిగ్నల్సూ తిరిగాం. మొదటి వారమంతా తిట్లే తిన్నాను. రెండో వారం ఓ రోజు జోరున వాన, ఎక్కడి బళ్లక్కడే ఆగిపోయాయి. "అబ్బ, ఇవాళ వందసార్లు తొక్కొచ్చు!" అంటూ ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు చూస్తూ పచ్చలైటు పడింది కూడా గమనించలేదు. వెనకున్న బస్సువాడు హారన్‌తో నా చెవులు చిల్లులు పొడిచాడు.

ఆఖరి రోజు మళ్లీ వాళ్ల నాన్నే నడిపాడు. మూడో గేరు, గట్టిగా తొక్కాడు. ముగ్గురం సీట్లకి అతుక్కుపోయాం. షాపు ముందు ఆపి, తాళాలు కూతురి చేతిలో పెట్టాడు.

"ఇక క్లచ్ పని ఏదొచ్చినా నువ్వే చూడు" అని లోపలికెళ్లిపోయాడు.

ఆమె మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం ఇక అక్కడ పనేమీ మిగల్లేదు.

"మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?"

"బండైతే ఏడాది దాకా తేనక్కర్లేదు."

నా ప్రాణం ఉసూరుమంది. ఆమె తాళాలు నా చేతికిచ్చింది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు మాత్రం రేపు రా" అంది. "బస్సులో వచ్చినా సరే. నాకూ చూడాలనిపిస్తుంది కదా!"