మా నాయన నీకు, మీ అమ్మ నాకు

"నాలుగడుగులు వేయలేవా నాయనా? ఎన్నిసార్లు చెప్పల్ల!"

హరీశ్ అరుపుకి నంద్యాల ఫిజియోథెరపీ సెంటరంతా తిరిగి చూసింది. పక్షవాతం వచ్చిన తండ్రి రామనాథం తల దించుకున్నాడు. ఆళ్లగడ్డలో బట్టలంగడి మూసి, వారానికి మూడుసార్లు ఆయన్ని కార్లో తెస్తున్న హరీశ్‌కి ఓపిక అయిపోయింది.

"ఏమప్పా, పెద్దాయన మీద అట్ల అరుస్తాండావేందీ?"

పక్క బెంచీ మీద తల్లి పుష్పావతి చేతివేళ్లకి వ్యాయామం చేయిస్తున్న అమ్మాయి. పేరు యామిని. కళ్లల్లో నిప్పులు. ఆ కళ్లు బాగున్నాయని కోపంలో కూడా హరీశ్‌కి తెలిసింది.

"మూడు నెల్లుగా చేస్తాండా. నీకేం తెలుసు?"

"నాకు ఎనిమిది నెల్లు!"

మరుసటి వారం అరిచింది యామినే. పుష్పావతి రబ్బరు బంతిని విసిరికొట్టింది. యామిని వరండాలోకి పోయి ఏడ్చింది. బయట జోరువాన. హరీశ్ టీ తెచ్చిచ్చాడు. ఎగతాళి చేయలేదు.

"అమ్మ మీద కోపం కాదు. అలిసిపోయినా," అంది.

"నేనూ అంతే. ఈపొద్దు మా నాయన్ను నువ్వు చూడు. మీ అమ్మను నేను చూస్తా."

కొడుకు దగ్గర నాలుగడుగులకే కూలబడే రామనాథం, యామిని చెయ్యి పట్టుకుని పదకొండు వేశాడు!

"మోసం నాయనా!"

రామనాథం వంకర పెదవులతో నవ్వాడు. "నువ్వు... భయపడతాండావ్ రా. నిన్ను చూసి... నాకూ భయం."

హరీశ్ ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. ఆ రోజునుంచి ఆ నలుగురూ కోపమొచ్చినా, దిగులేసినా దాచుకోలేదు. పైకి చెప్పేసి, నవ్వి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లు.

పుష్పావతి చికిత్సకి ఆఖరి రోజొచ్చింది. ఇంక యామిని కనపడదు! హరీశ్ ఆమెకి ఎదురుగా పోయి నిలబడ్డాడు.

"యామినీ, నన్ను పెండ్లి చేసుకుంటావా?"

ఆమె ముఖం వెలిగి, వెంటనే వాడిపోయింది. "అమ్మను ఇడిసి యాడికీ రాను."

"ఇడిసి రమ్మని ఎవరన్నారు? ఆళ్లగడ్డకి పిల్చుకుపోదాం."

"ఇప్పుడే నిద్రలేక చస్తాండావ్. ఇంకొకరినా?"

"ఆగండి!" పుష్పావతి గొంతు ఖంగుమంది. "ఎవరు మోయల్లని మాట్లాడుకోడానికి నేనేమన్నా మూటనా? నన్నడగండి!"



"నేను నంద్యాల ఇడ్సను. పక్కింట్లో మా చెల్లెలు సుజాత ఉంది, చూసుకుంటాది. మీరు ఆదివారాలు రండి." రామనాథం వైపు తిరిగింది. "ఏం అన్నా, మా పిల్ల నచ్చినాదా?"

రామనాథం కుర్చీ పట్టుకుని, ఒక్కడే లేచి నిలబడ్డాడు. "ఎప్పుడో... నచ్చినాది!"

"మీలో మీరే తేల్చేసుకుంటాండారే!" అంది యామిని, నవ్వు ఆపుకుంటూ.

"నేనడిగినా గదా. నువ్వే చెప్పలే," అన్నాడు హరీశ్.

"చేసుకుంటానప్పా!" ఆ కేకకి సెంటరంతా మళ్లీ తిరిగి చూసింది. ఈసారి చప్పట్లు కొట్టింది.