ములూనేష్ అసలు వయసు

పొద్దున్నే దావీదు కీర్తనలు చదువుకుని ములూనేష్ కాఫీ గింజలు వేయిస్తోంది. సిల్వర్ స్ప్రింగ్‌లోని ఆ రెండు గదుల ఫ్లాటులో వాసన కంటే పొగే ముందు తిరుగుతుంది. పొగ గంట మోగకుండా భర్త అయెలే కిటికీ తెరిచి టవలుతో విసురుతున్నాడు. ఈస్టరుకి ముందు పెద్ద ఉపవాసం రోజులు కాబట్టి ఇంట్లో పాలూ గుడ్లూ లేవు. అయినా అందరూ హుషారుగానే ఉన్నారు. వచ్చే గురువారం ములూనేష్‌కి పౌరసత్వం ఇంటర్వ్యూ.

అయెలే ఎప్పుడో అమెరికా పౌరుడయ్యాడు. కూతురు హిరుత్ ఇక్కడే పుట్టింది. విమానం దిగిన ప్రతిసారీ వాళ్ళిద్దరూ ఒక వరుసలో, తనొక్కతే వేరే వరుసలో నిలబడడం ములూనేష్‌కి ఎన్నాళ్ళుగానో ముల్లులా గుచ్చుకుంటోంది.

హిరుత్ ప్రశ్నల కాగితం పట్టుకొచ్చింది. “అమ్మా, నీకు వంద ప్రశ్నలూ అక్కర్లేదట! అరవై ఐదు దాటి, ఇరవయ్యేళ్ళుగా ఇక్కడున్నవాళ్ళకి ఈ చుక్క పెట్టిన ఇరవై చాలు. నీకు అరవై ఎనిమిది కదా.”

“ఎవరికే అరవై ఎనిమిది? మీ నాన్నకా?”

“నీకే. గ్రీన్ కార్డు మీద చూడు, పంతొమ్మిది వందల యాభై ఒకటి.”

“యాభై ఒకటే. ఇప్పుడు మన లెక్కలో రెండు వేల పదకొండు. తీసెయ్. నాకు అరవై.”

“ఇక్కడ రెండు వేల పంతొమ్మిది కదమ్మా!”

వాళ్ళు వదిలొచ్చిన ఇథియోపియాలో పంచాంగం ఇక్కడి కంటే ఏడెనిమిదేళ్ళు వెనక నడుస్తుంది. అక్కడి యాభై ఒకటిని మార్చకుండా ఇక్కడి కాగితంలో దించేశారు. అంకె సరిపోయింది కాబట్టి ములూనేష్‌కి ఏనాడూ అనుమానం రాలేదు. కిటికీ దగ్గర టవలు ఆగిపోవడం మాత్రం ఆమె గమనించింది.

“హిరుత్ నాన్నా, ఆ ఫారం నింపింది నువ్వే కదూ?”

“నేనే,” అన్నాడు అయెలే, గోడ వైపు చూస్తూ. “తొందరలో రాశాను. నాలుగేళ్ళ తర్వాత తప్పు తెలిసింది. చెబితే అబద్ధమాడామని నిన్ను వెనక్కి పంపేస్తారేమోనని భయమేసింది, ములూ.”

“ఇన్నేళ్ళు దాచావా! ఈ వయసుకి ఇంత గట్టిగా ఉన్నారని డాక్టరు పొగుడుతుంటే, అదంతా ఉపవాసాల పుణ్యమనుకుని మురిసిపోయానే!”

హిరుత్ పక్కున నవ్వింది. తల్లి చూపు పడగానే నోరు మూసుకుంది.

“ఇప్పుడు కదిలిస్తే ఫైలు ఆగిపోతుంది. ఇరవై ప్రశ్నలకి జవాబు చెప్పి వచ్చెయ్, నీకు పుణ్యముంటుంది,” అని బతిమాలాడు అయెలే.

“చెయ్యెత్తి ప్రమాణం చెయ్యాలి నేను. దేవుడి దగ్గర ఏ పంచాంగం ఉందో నాకు తెలీదు. అక్కడ రెండూ చెల్లుతాయేమో కూడా. కానీ నాకు తెలిసిపోయాక, తెలియనట్టు ఎలా నిలబడను?”

“వాళ్ళు వద్దంటే?”

“వద్దంటే ఆ వరుసలోనే నిలబడతాను. వంద ప్రశ్నలూ ఇటు పట్రా.”

ఆ రోజంతా ఆమె భర్తతో మాట్లాడలేదు. అయెలే చెప్పకుండా చర్చికి వెళ్ళి, ఆమె పుట్టిన ఊరు గోండార్ నుంచి వచ్చిన బాప్తిస్మం పత్రాన్ని ఇంగ్లీషులోకి, అందులోని ఏడాదిని ఇక్కడి లెక్కలోకి మార్పించి, ముద్ర వేయించి తెచ్చాడు. మర్నాడు ఆమె ఇంజెరా అట్లకి పిండి పోస్తూ, చిన్నప్పుడు కీర్తనలు కంఠతా పట్టిన రాగంలోనే సుప్రీంకోర్టు జడ్జీల సంఖ్య వల్లెవేస్తోంది. అతను మెల్లిగా పక్కన చేరి కాగితం తీసుకున్నాడు.

“రాజ్యాంగానికి సవరణలెన్ని?”

“ఇరవై ఏడు. చూడకుండా నువ్వు చెప్పు, సెనేటర్లెంతమంది?”

అయెలే బుర్ర గోక్కున్నాడు. “యాభై?”

“వంద! నిన్నెవరు పాస్ చేశారయ్యా?” అంది ములూనేష్. నవ్వొచ్చింది కానీ ముఖం తిప్పేసుకుంది.

గురువారం లోపలికి వెళ్ళగానే, ప్రశ్నలు మొదలవకముందే, ఆమె పత్రాన్ని బల్ల మీద పెట్టి దుబాసీ చేత సంగతంతా చెప్పించింది. బయట అయెలే అరగంటలో నాలుగుసార్లు నీళ్ళు తాగాడు.

ఆమె తిరిగొచ్చేసరికి లేచి నిలబడ్డాడు. “ఏమన్నారు?”

“వందలోంచే అడిగారు. వరసగా ఆరు చెప్పేసరికి చాలన్నారు. పుట్టిన ఏడాది సంగతి పై ఆఫీసరు చూసి ఉత్తరం రాస్తారట.”

“తప్పెవరిదని అడగలేదా?” అతను దగ్గరికి జరిగాడు. “నా పేరు చెప్పావు కదూ? ఫరవాలేదులే.”

“ఇద్దరిదీ అని చెప్పాను.” ఆమె కుర్చీలో కూలబడింది. “పాత ఫారం తీసి చూపించారు. రాత నీదే. కింద సంతకం నాది. నువ్వు రాశావు కదా అని చదవకుండానే పెట్టేశాను. నా గురించి రాసిన కాగితం నేను చదువుకోవద్దూ? ఇన్ని రోజులుగా నిన్నొక్కణ్ణే తిట్టుకున్నాను.”

అయెలే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె తను కప్పుకున్న తెల్లని షమ్మా అంచు అతనికి అందించింది.

రెండు నెలలకి అంతా అంగీకరిస్తూ ఉత్తరం వచ్చింది. ప్రమాణం రోజున తెల్లని పండగ బట్టల్లో చెయ్యెత్తి నిలబడిన ములూనేష్‌ని హిరుత్ ఫొటోలు తీస్తూనే ఉంది. తర్వాత బల్ల దగ్గర పౌరసత్వ పత్రం ఇచ్చి, వివరాలు చూసుకుని సంతకం చెయ్యమన్నారు. వెనక చాలామంది నిలబడి ఉన్నారు.

“ములూ, త్వరగా కానియ్, అందరూ చూస్తున్నారు,” అని గుసగుసలాడాడు అయెలే.

“చూడనీ,” అంది. పేరు మీద వేలు పెట్టి అక్షరమక్షరం చదివింది. ఊరు చదివింది. పంతొమ్మిది వందల యాభై తొమ్మిది అని పైకే చదివింది. అప్పుడు కలం ఇమ్మని భర్త ముందు చెయ్యి చాచింది.