నలభై సీట్ల కాపురం

"నీ సీటు ఇచ్చేశాను" అన్నాడాయన పళ్ళు తోముకుంటూ.

నోట్లో బ్రష్షు ఉండగా చెబితే భార్యకి సరిగ్గా వినబడదని, వినబడకపోతే గొడవే ఉండదని ఆయన ధీమా. కానీ ఆమెకి స్పష్టంగా వినబడింది. చేతిలో మడతపెడుతున్న చీర సగంలోనే ఆగిపోయింది...

"ఎవరికిచ్చారు?"

"రిటైరైన గుమాస్తాగారికి. మెడకి దిండు తగిలించుకుని వస్తాడే, ఆయనకి. పాత ప్యాసింజరు. రాత్రి ఫోన్ చేసి ఒకటే బతిమాలాడు. కాదంటే వేరే బస్సు చూసుకుంటాడు. నువ్వు ఇంట్లో మనిషివి, నువ్వెక్కడికి పోతావ్?"

ఆ చివరి మాటకి ఆమె ఒళ్ళు భగ్గుమంది. నిజమే, ఆమె ఎక్కడికీ పోలేదు. టూరు బస్సు నడిపేవాణ్ణి కట్టుకుని ఇన్నేళ్ళయినా వీధి చివర మందుల షాపు దాటి పోలేదు. ఊళ్ళోవాళ్ళందరికీ జలపాతాలు చూపించిన మనిషి భార్యకి మాత్రం ఆ జలపాతాల దగ్గర తడిసిన తువ్వాళ్ళు చూపించాడు, ఉతకమని!

మహమ్మారి వచ్చి టూర్లన్నీ ఆగిపోయినప్పుడు ఆయన బస్సు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. ఇల్లు చూస్తే రెండే గదులు. మొదట అత్తగారు "ఇక్కడ గాలి బాగుందే అమ్మాయ్" అని చివరి వరసలో నడుం వాల్చింది, మళ్ళీ దిగలేదు. కాలేజీకి వెళ్ళే కూతురు మధ్య వరసలో ఫోను పట్టుకుని పాఠాలు వింది. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, కదలని బస్సుకి స్టీరింగు తిప్పుతూ, అద్దంలోంచి తల్లినీ కూతుర్నీ ప్యాసింజర్లలా గమనించేవాడు. సామాన్ల అరలోకి ఉల్లిపాయలొచ్చాయి, సీట్ల వీపుల మీదకి తడి బట్టలొచ్చాయి. ఆమె మాత్రం టీలు, టిఫిన్లు పట్టుకుని బస్సెక్కడం, ఎంగిలి కంచాలు పట్టుకుని దిగడం... నలభై సీట్లున్న బస్సులో ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చోమని ఎవరికీ తట్టలేదు. అదే ఆమెకి ఎక్కువ మండింది.

ఆయన ధైర్యం చచ్చి బస్సుని పాత ఇనుము కింద అమ్మేద్దామనుకున్న రోజున, కొనేవాడొచ్చి బస్సు చుట్టూ తిరుగుతుంటే ఆమే ఎదురెళ్ళింది. "ముందు మా ఆయన్ని తీసుకెళ్ళండి, ఆయన కూడా కదలట్లేదు" అని వాణ్ణి పంపించేసింది. ఆ సాయంత్రం ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని మాటిచ్చాడు. టూర్లు మళ్ళీ మొదలైతే మొదటి పెద్ద టూరుకి ముందు సీటు, కిటికీ పక్కది, నీదేనని.

టూర్లు మొదలయ్యాయి, భయం భయంగానే. మొదట్లో జనం మూతికి గుడ్డ కట్టుకుని, వరస వదిలి వరసలో కూర్చుని, ఎవరైనా దగ్గితే హంతకుణ్ణి చూసినట్టు చూసేవారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరిపోయేవారు. ఆ తర్వాత ఏమైందో గానీ, ఇంట్లోవాళ్ళ మొహాలే చూసి చూసి విసిగిన జనం, కొండలైనా సరే, సముద్రమైనా సరే అని ఒక్కసారిగా ఎగబడ్డారు. తోటివాళ్ళు చాలామంది అప్పటికే బస్సులు అమ్ముకుని వేరే పనుల్లో పడ్డారు. ఉన్న కొద్ది బస్సులకి గిరాకీ పట్టుకుంది. ఎలుకలు కొరికిన వైర్లు మారాయి, నిలబడి నిలబడి కూలబడ్డ టైర్లు మారాయి. ఆయన నడక కూడా మారింది. సముద్రం దాకా ఐదు రోజుల టూరు పెట్టగానే సీట్లన్నీ నిండిపోయాయి. చివరి వరస మూల సీటు మాత్రం అత్తగారిది. ఆవిణ్ణి లేపే ధైర్యం ఆయనకి లేదు.

ఆమె చీర మడత ముగించి, చెప్పులేసుకుని, బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది.

కాసేపటికి ప్యాసింజర్లు రావడం మొదలుపెట్టారు. గుమాస్తాగారు దిండు మెడకే తగిలించుకుని వచ్చి "అమ్మా, ఇది నా సీటు" అన్నాడు.

"కాదండీ."

"టిక్కెట్టుంది."

"నాకు మాటుంది."

భర్త పరుగెత్తుకొచ్చి మెట్ల మీంచే గొంతు తగ్గించి "లే, అందరూ చూస్తున్నారు" అన్నాడు.

"చూడ్డానికేగా టూరుకొచ్చింది."

"ఇల్లూ బస్సూ ఒకటి చేస్తావేంటి?"

ఇన్నాళ్ళూ మింగిందంతా ఆమె గొంతులోకి తన్నుకొచ్చింది... "ఒకటి చేసింది నేనా? ఆగినన్నాళ్ళూ ఇది ఇల్లన్నారు, ఇంటి చాకిరీ నాదన్నారు. ఇప్పుడు కదిలేసరికి బస్సయిపోయింది, నాకు సీటు లేదంటున్నారు. ఏదో ఒకటి తేల్చండి. ఇల్లయితే వీళ్ళందర్నీ దించండి. బస్సయితే నన్ను తీసుకెళ్ళండి."

మూడో వరసలో ఒకావిడ "ఏసీ వేసి పోట్లాడుకోండి నాయనా" అంది.

అప్పుడు వెనకనుంచి అత్తగారు లేచింది. పరుపు చుట్టుకుని, సంచీ భుజానికి తగిలించుకుని, సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చింది.

"గుమాస్తాగారూ, మీరు నా సీట్లోకెళ్ళండి."

"వెనక సీటా? కుదుపులకి నా నడుం..."

"ఏడాది పైగా పడుకున్నాను, నా నడుం ఏమైంది?"

"అప్పుడు బస్సు కదల్లేదు కదండీ."

"నేనూ కదల్లేదు. అదే నా తప్పు." ఆవిడ కోడలివైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "అందరం తలో సీటూ పట్టుకున్నామే గానీ, పిల్లా, ఒక్కరోజు కూడా నిన్ను కూర్చోమన్లేదు. నాకైనా తట్టాల్సింది. సముద్రం ఎన్నాళ్ళుగానో చూడాలనుంది నాకు... సరే, నువ్వు చూసొచ్చి చెప్పు."

"అత్తయ్యా, నేను..."

"లేవకు. లేచావంటే మావాడు ఆ సీటు కూడా ఎవరికో ఇచ్చేస్తాడు."

ఆవిడ దిగి, వాకిట్లో నిలబడ్డ మనవరాల్ని "ఏమే, స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుంది?" అని అడుగుతూ లోపలికెళ్ళింది.

గుమాస్తాగారు గొణుక్కుంటూ వెనక సీటుకి వెళ్ళాడు. బస్సు కదిలింది. మందుల షాపు దాటింది. ఆయన అద్దంలోంచి భార్యని చూసి, మైకు అందుకుని, గొంతు సవరించుకున్నాడు. "ముందు సీటు విషయంలో పొరపాటు నాదేనండీ. అది మా ఆవిడది."

ప్యాసింజర్లు చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు, ఆయన వంక తిరగనూ లేదు. కోపం అలాగే ఉంది. సముద్రం చాలా దూరం, తొందరేమీ లేదు, నింపాదిగా కోప్పడొచ్చని కిటికీ తెర పక్కకి లాగి వెనక్కి వాలింది.