ముందే మొగ్గేసిన చామంతులు

చామంతులు చెడింది భువన వల్ల. ఆంజప్ప లెక్కలో అందులో విచారించడానికేమీ లేదు.

రాత్రి లైట్లు వెలిగితే చామంతి మొగ్గ వేయదు. ఆర్పితే వేస్తుంది. తళి ఊళ్ళో గ్రీన్‌హౌస్ ఉన్న ఎవరికైనా తెలిసిన సంగతే. ఉగాదికి పూయాల్సిన తోట శివరాత్రికే మొగ్గేసింది.

"కరెంటు పోయింది నాయనా," అన్నాడు కొడుకు యతీశ్.

పోయింది కరెంటు కాదు, కొడుకు. పక్కింటి రంగమ్మ మనవరాలు భువన బెంగళూరులో నక్షత్రాల చదువు చదువుతోంది. వచ్చిన రోజే టెలిస్కోపు మిద్దె మీద పెట్టి కేకేసింది.

"ఏమప్పా, మీ పూలకు నిద్ర రాదా? ఆ లైట్లకు నా చుక్క కనబడలే!"

"కొంచెం గట్టిగా వెలగమని నీ చుక్కకే చెప్పమ్మా!" అన్నాడు యతీశ్ నవ్వుతూ.

అప్పుడే ఆంజప్ప అడ్డుపడాల్సింది.

ఈ సాయంత్రం తగువుకు రంగమ్మ మిద్దె ఎక్కాడు. జవళగిరి అడవి వైపు నుంచి మంచు మెల్లగా దిగుతోంది. కింద, లైట్లు లేని గ్రీన్‌హౌస్ ప్లాస్టిక్ కప్పు నీళ్ళలా మెరుస్తోంది. యతీశ్, భువన ఇద్దరూ ఒకే టెలిస్కోపు దగ్గర ఉన్నారు.

"నా తోట చెరిపి ఏం చూస్తా ఉండావమ్మా?"

"చుక్క మీద మచ్చలు మామా."

ఆంజప్ప వంగి చూశాడు. ఒక్క వెలుగు చుక్క, వణుకుతూ. "మచ్చ యాడుంది?"

"కనబడదు మామా. చుక్క తిరుగుతా ఉంటాది. మచ్చల పక్క మన వైపు వస్తే వెలుగు తగ్గుతాది. దాన్ని పట్టి ఎన్నాళ్ళకొకసారి తిరుగుతాదో తెలుసుకుంటాం. లోపల అయస్కాంత బలం పెరిగిన ఏండ్లలో మచ్చలెక్కువ. తగ్గితే అవీ తగ్గుతాయి."

"అమ్మ పోయినప్పట్నుంచి మా నాయనకు మచ్చల పక్కే మన వైపు ఉండాది," అన్నాడు యతీశ్.

"తిరగని చుక్క లేదప్పా," అంది భువన మెల్లగా.

ఆంజప్ప మళ్ళీ వంగాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

"ఇంకెన్నాళ్ళు ఈ కొలిచేది?"

భువన తల దించుకుంది. "పోయిన వారమే అయిపోయింది మామా."

యతీశ్ అదిరిపడ్డాడు. "మరి నేను వారంగా లైట్లు ఎందుకు ఆర్పినా?"

"ఆర్పినాక ఈ పక్క తిరిగి చెయ్యి ఊపుతావు కదా. అది చూసేకి."

కింద చీకట్లో చామంతులు నింపాదిగా మొగ్గలు విప్పుకుంటున్నాయి.

ఆంజప్ప మెట్లు దిగుతూ ఆగాడు.

"రేపు మీ అవ్వను ఇంట్లోనే ఉండమను. మాట్లాడాల."

"ఏం మాట్లాడాల మామా?"

"ఉగాదికి ముందు పూసిన పూలు సంతలో ఎవడు కొంటాడు? పెండ్లి పందిరికైనా పనికొస్తాయి."

"నాయనా, ఆ లైట్ల సంగతి..." యతీశ్ వెనకే పరిగెత్తాడు.

"క్షమించలే. క్షమించను కూడా. ఆ మాట ఇంక నా ముందర ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.