పగడం విరిచిన చెయ్యి

అసుర సంధ్యవేళ... వెలుగు పూర్తిగా చావలేదు, చీకటి పూర్తిగా పుట్టలేదు! మేఘగర్జనకు సముద్రం వెన్ను జలదరించింది.

పదిహేను బారల లోతున, మునిగిన ఓడ పక్కటెముకల మధ్య కెమెరామెన్ ఈదుతున్నాడు. అతని వెనకే దీపం పట్టుకుని భార్య. ఓడల శిథిలాలనూ పగడపు దిబ్బలనూ మసక వెలుతురులో చిత్రించడమే ఆ దంపతుల వృత్తి. నీళ్లడుగున దేన్నీ తాకకూడదన్నది వాళ్ల నియమం.

దీపం వెలుగులో ఒక పుర్రె! ఇసుకలో కూరుకుని, మొహం పక్కకు తిప్పుకుని ఉంది. దాని నెత్తిన పగడం పెరిగింది. కంటి గుంటల్లో చిన్న చేపలు కాపురం పెట్టాయి. మొహం ఇటు తిరిగి ఉంటే షాట్ ఎంత బాగుండును అనుకున్నాడతను. భార్య వద్దని చెయ్యి ఊపింది. అయినా పగడాన్ని విరిచి, పుర్రెను పెకలించి, కెమెరాకు ఎదురుగా నిలబెట్టాడు.

పడవ ఎక్కాక ఆమె ఒకే మాట అడిగింది.

"ఎక్కడిదక్కడ పెట్టేశారుగా?"

"ఆ, పెట్టేశా."

పుర్రె అతని సంచిలోనే ఉంది. ఓడ జాడ చూపించిన పడవాయన అడిగిన ప్రతిఫలం అది. ఆయన మాంత్రికుడని ఒడ్డున అందరూ తప్పుకు తిరిగేవాళ్లు. ముసలాడి పిచ్చిలే అని నవ్వుకుంటూ కెమెరామెన్ దాన్ని ఆయన చేతిలో పెట్టాడు.

మర్నాటి సంధ్యకు భార్య మంచం మీద విల్లులా వంగిపోయింది... నోట్లోంచి ఉప్పునీళ్లు! గొంతు ఆమెది కాదు! "నా పడక... నా పడక ఎవడు కదిపాడు?"

అతను పరుగున మాంత్రికుడుండే పడవల కొట్టానికి వెళ్లాడు. నీళ్లలో కొయ్య స్తంభాల మీద నిలిచిన కొట్టం అది. నెత్తురు పూసిన పుర్రె ముందు మాంత్రికుడు తీరిగ్గా కూర్చున్నాడు.

"దీపం పట్టింది మీ ఆవిడేగా, అందుకే పుర్రెలోని ప్రేతం ఆమెను పట్టింది. రేపు ఇక్కడికి మోసుకురా. ఓడలో నిధి ఎక్కడుందో ఆమె నోటితోనే చెప్పిస్తా."

"ఆమె బతుకుతుందా?"

"నిధి దొరికాక చూద్దాం. దీన్ని పైకి తెచ్చి నాకిచ్చింది నువ్వే కదా బాబూ. ఆ సంగతి ఆమెకు చెప్పగలవా? లేదు కదా, మరి నోరు మూసుకుని చెప్పింది చెయ్యి."

తల దించుకుని వచ్చేశాడు. మర్నాడు తనే మోసుకెళ్లాడు!

మంత్రం మొదలైంది. ఒక్కో బీజాక్షరానికీ ఆమె ఒళ్లు మెలి తిరుగుతోంది... పెదవులు నీలం తిరుగుతున్నాయి... అతను ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు.

"పుర్రెను నేనే పైకి తెచ్చాను. పెట్టేశానని నీకు అబద్ధం చెప్పాను. షాట్ కోసం తీశాను, ఓడ జాడ చూపినందుకు ఇతనికిచ్చాను. ఇందులో నీ తప్పేమీ లేదు."

ఫెళ్లున పిడుగు! నేల చెక్కల సందుల్లోంచి చప్పుడు లేకుండా నీళ్లు పైకొచ్చాయి. మాంత్రికుడు లేవబోయాడు. లేవలేకపోయాడు! కాలి వేళ్ల మీద తెల్లటి పగడం... మోకాళ్లకు... రొమ్ముకు... సగం పలికిన మంత్రం మీద పెదవులు రాయైపోయాయి! మంత్రాలు పుట్టకముందే ఉన్న సముద్రం ఒక్క అలతో మాంత్రికుణ్నీ పుర్రెనూ లోపలికి లాగేసుకుంది.

భార్య కళ్లు తెరిచింది. అతను పట్టుకోబోయిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది. అడిగింది.

"షాట్ బాగా వచ్చిందా?"

చాలా బాగా వచ్చింది. ఆ మాట చెప్పడానికి అతనికి తల లేవలేదు.