సైదమ్మ అనని మాట

నల్లగొండ గడియారం సెంటర్‌లో జిరాక్సు షాపు పైన ఉన్న ఆ చిన్న ఆఫీసుకు వచ్చిన అమ్మాయి చెప్పులు బయట విడిచి, ఎవరైనా వెంట వచ్చారేమోనని మెట్ల వైపు మరోసారి చూసింది. బాలస్వామి కుర్చీ జరిపి, చల్లటి మజ్జిగ ఇచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"మా అవ్వ సైదమ్మకు పిచ్చి లేస్తదేమోనని భయమైతాంది మేడం," అంది.

ఎదురుగా కూర్చున్న నాగరాణి పదిహేనేళ్లు కోర్టులో స్టెనోగా మనుషుల మాటలు రాసి, ఆ పని వదిలి ప్రైవేటు డిటెక్టివ్ అయిన మనిషి. బాలస్వామి రిటైరైన ఫిజిక్సు లెక్చరరు. ఇప్పుడు ఆమెకు సహాయకుడు. ఆమె ప్రశ్నలు వేసే తీరు చూస్తుంటే మళ్లీ క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నట్టుండేది ఆయనకు.

అమ్మాయి పేరు హరిత. మర్రిగూడ మండలంలో అంగన్‌వాడీ టీచరు. ఫోనులో ఒక ప్రకటన పెట్టి చూపించింది. ఫ్లోరైడు నీళ్లతో నడుము వంగిపోయిన ముసలమ్మ, ఆమె చేతిలో స్టీలు గ్లాసు, పక్కన ఒక కంపెనీ పెట్టిన, నీళ్లు శుద్ధి చేసే మిషను. పిల్లనగ్రోవి సంగీతం మధ్య ముసలి గొంతు: "గీ నీళ్లు తాగినంక పానం లేచొచ్చింది."

"ఇది జూసి ఊరంత ఆ మిషన్ నీళ్లే తాగింది. మొన్న పరీక్ష చేపిస్తే ఫ్లోరైడు అట్లనే ఉందట. ముసల్ది కంపెనీకి అమ్ముడువోయిందని తిడుతున్నరు. అవ్వనేమో, నేనెన్నడు అనలేదంటది. గొంతేమో ఆమెదే. ఇప్పుడు ఆమెకే అనుమానం వచ్చింది, అని మర్చిపోయిన్నా ఏందని."

నాగరాణి ఆ ప్రకటనను పదకొండు సార్లు విన్నది. బాలస్వామి లెక్కపెట్టాడు.

ప్రకటన తీసింది నల్లగొండలోనే ఉన్న ఒక చిన్న స్టూడియో. సొంత సినిమాలు, టీవీ కార్యక్రమాలు తీస్తూ, వాటిని నిలబెట్టుకోవడానికి కంపెనీలకు ప్రకటనలు చేసిపెడతారు. ఉండేది ముగ్గురే. దర్శకురాలు మనస్విని, కెమెరా కూడా ఆమెదే. ఎడిటింగు విజేందర్. సౌండు గ్లోరీ.

మనస్విని కాఫీ తెప్పించింది. "దొంగ గొంతు పెట్టినమని అనుమానమా మేడం? ఏ ల్యాబుకన్న పంపుండ్రి. అది నూరు శాతం సైదమ్మవ్వ గొంతే."

"నాకు తెలుసు," అంది నాగరాణి. "తీసింది ఎప్పుడు?"

"ఏప్రిల్ల. ఒక్క రోజే."

"అవ్వకు చూపించిండ్రా?"

"చూపించినం. మే నాలుగున ఇంటికి పోయి ల్యాప్‌టాప్‌ల చూపించినం. ఏడున కంపెనీకి ఇచ్చినం."

బాలస్వామి హరితకు ఫోను చేసి కనుక్కున్నాడు. నాలుగున చూసిన దాంట్లో ఆ మాట లేనే లేదు.

ఆ సంగతి అడిగితే విజేందర్ మూతి ముడిచాడు. "ఐదు, ఆరు తారీకులల్ల నేను యాదగిరిగుట్టల ఉన్న మేడం. మా పిలగాని పుట్టు వెంట్రుకలు. వచ్చేసరికి ప్రకటన పోయింది. అడిగితే, చిన్న మార్పులని అన్నరు."

"తీసినదంతా ఎక్కడుంటుంది?"

"ఒక కాపీ స్టూడియోల, ఒకటి మా ఇంట్ల. ఇక్కడ అగ్గి అంటుకున్నా అక్కడ ఉండాలని మనస్విని మేడం పెట్టిన రూలే. కెమెరా కార్డుల ఏముంటే అది, ఉన్నదున్నట్టు."

గ్లోరీ ఇరవై ఏళ్లు దాటిన పిల్ల. హెడ్‌ఫోన్లు మెడలో తాయెత్తులా వేలాడుతున్నాయి. నాగరాణి ఆమెకు ఆ వాక్యం వినిపించి, సంగీతం వదిలేసి వెనక ఏముందో చెప్పమంది.

గ్లోరీ కళ్లు మూసుకుంది. కాసేపటికి ముఖం పాలిపోయింది. "ఫ్యాను. టక్కు టక్కుమంటాంది. గిది నేను రికార్డు చెయ్యలే మేడం! ఎవలన్న మాట్లాడేటప్పుడు ఫ్యాను బందు చేయంది నేను రికార్డు మిషను ముట్టుకోను."

అబద్ధమాడుతోందా? బాలస్వామి తేల్చుకోలేకపోయాడు. ఆమె మాత్రం ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని వింటోంది.

మరునాడు ఇద్దరూ మర్రిగూడ దారి పట్టారు. వానలు పడక పత్తి మొలకలు అక్కడొకటి ఇక్కడొకటి నిలబడ్డాయి. సైదమ్మ ఇంట్లో ఒకటే ఫ్యాను. తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది. ప్రకటనలో సైదమ్మ తల మీద కనిపించేది ఇదే ఫ్యాను. అయితే అందులో రెక్కలు కదలడం లేదు.

"ఆ దినం ఏం జరిగిందో చెప్పు అవ్వా," అంది నాగరాణి.

"ఏముంది బిడ్డా. పొద్దంత మాట్లాడిచ్చిరి. ఉడుకపోతకు చెమటలు గారినయి. అప్పుడా హెడ్‌ఫోన్ల పిల్ల ఫ్యానేసి, తన సీసాల నీళ్లు నాకు పోసింది. మంచు లెక్కున్నయి."

"అప్పుడు గదిలో ఎవరెవరున్నారు?"

"ఆ పిల్లొక్కతే. పెద్ద మేడం బయట చెట్టు కింద ఉండె, చెవులకు అవి తగిలిచ్చుకొని. జరసేపటికి లోపలికొచ్చి, అవ్వకు నీళ్లు బాగ నచ్చినయి, ఇంకో గ్లాసు పొయ్యి గ్లోరీ, అన్నది. ఆమె గూడ మంచిదే."

పక్కింటి సుగుణమ్మ గోడ మీద నుంచి అంది: "మంచోళ్లే అందరు. మా మనుమనికి రెణ్నెల్లు తాపిచ్చిన గా నీళ్లు, ఈమె మాట నమ్మి!" సైదమ్మ తల వంచుకుంది.

తిరుగు బస్సులో బాలస్వామి అన్నాడు: "గదిలో ఉన్నది గ్లోరీ ఒక్కతే. మైకులూ ఆమెవే. పాపం, నీళ్లు ఇచ్చిన చేయే..."

"సార్, గ్లోరీ చెవికి ఆ ఫ్యాను తెలియకుండా ఉంటుందా? ఆమే చేసి ఉంటే అడగ్గానే ఫ్యాను అని ఎందుకు చెబుతుంది?" అని నాగరాణి కిటికీ వైపు తిరిగింది.

ఆదివారం ఉదయం సైదమ్మ ఇంటి ముందు అందరూ కూర్చున్నారు. స్టూడియో వాళ్లు ముగ్గురూ, హరితా, గోడకు అటు సుగుణమ్మా, వీధిలో సగం జనమూ.

"గొంతు సైదమ్మదే," అని మొదలుపెట్టింది నాగరాణి. జనంలో గుసగుస లేచింది. "మాటా ఆమెదే. కానీ ఆ మాట వెనక ఫ్యాను తిరుగుతోంది. బొమ్మలో ఫ్యాను ఆగి ఉంది. అంటే ఆ మాట ఇంటర్వ్యూలోది కాదు. ఫ్యాను వేసింది విరామంలో ఒక్కసారే. అప్పుడు అవ్వ తాగింది మిషను నీళ్లు కాదు, గ్లోరీ సీసా నీళ్లు."

"నా రికార్డు మిషన్ బందే ఉండె!" అని గ్లోరీ ఏడ్చినంత పని చేసింది.

"నీది ఆగింది. అవ్వ మెడ దగ్గరి మైకు ఆగలేదు. ఆ మైకు నుంచి సౌండు కెమెరాకు కూడా పోతుంది. కెమెరా నడుస్తూనే ఉంది. కెమెరా ఎవరిది?"

విజేందర్, గ్లోరీ ఇద్దరూ మనస్విని వైపు తిరిగారు.

"మనస్విని గారూ, మీరు బయట చెట్టు కింద ఉన్నారు. లోపల అవ్వకు నీళ్లు నచ్చాయని మీకెలా తెలిసింది? మీ చెవుల్లో హెడ్‌ఫోన్లు ఉన్నాయి, ఆ మైకు మాటలు వైరు లేకుండానే వాటిలోకి వస్తాయి కాబట్టి. నాలుగో తారీకు ప్రకటనలో ఆ మాట లేదు. ఏడున ఉంది. మధ్యలో విజేందర్ గుట్టలో ఉన్నాడు. అతను కాక ఎడిటింగు వచ్చినవాళ్లు స్టూడియోలో మీరొక్కరే. ఫ్యాను చప్పుడు పైన పిల్లనగ్రోవి కప్పారు."

"ఊహలు," అంది మనస్విని.

"విజేందర్ చూసి చెప్పాడు, స్టూడియో కాపీలో ఆ ఒక్క ఫైలు లేదు. తుడిచేశారు. రెండో కాపీ ఇంకోచోట ఉండాలన్న రూలు మీరే పెట్టారు. దాన్ని మీరే మర్చిపోయారు." నాగరాణి విజేందర్ వైపు చూసింది. అతను తల దించుకునే ల్యాప్‌టాప్ తెరిచాడు.

ఫ్యాను టక్కు టక్కుమంది. గుటకల చప్పుడు. తర్వాత సైదమ్మ గొంతు: "గీ నీళ్లు తాగినంక పానం లేచొచ్చింది. ఏడికెల్లి తెచ్చినవు బిడ్డా? మా మిషన్ల నీళ్లు నోట్ల వెడ్తే చేదు గొడ్తయి."

జనంలో ఎవరో మళ్లీ ఒకసారి పెట్టమన్నారు.

మనస్విని మెట్టు మీద కూలబడింది. "నాలుగేండ్ల సంది ఈ ఊరి నీళ్ల మీద సినిమా రాస్కుంటున్న. ప్రకటన నచ్చితే సినిమా తామే తీపిస్తమన్నది కంపెనీ. అవ్వ నోట ఒక్క గట్టి మాట కావాలన్నరు. ఒక్క మాటే గద అనుకున్న. నీళ్లు అంత చెడ్డయని నాకు తెల్వదు."

"నీళ్ల సంగతి నీకు తెల్వకపోవచ్చు," అంది సైదమ్మ. "నేను అన్నది ఏందో నీకు ఎరికే గద?"

మనస్విని తల ఊపింది.

"నా మాట ఎత్తుకపోయినందుకు గాదు బిడ్డా. నా తలకాయె చెడిందనుకున్న. తెల్లారంగనే లేచి నా పేరు, మా ఆయన పేరు, పిల్లల పేర్లు చెప్పుకొని చూసుకునేదాన్ని, అన్నీ ఉన్నయా పోయినయా అని."

హరిత అవ్వ భుజం పట్టుకుంది. బాలస్వామి కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

సుగుణమ్మ గోడ చుట్టూ తిరిగి వాకిట్లోకి వచ్చింది. "అత్తా, నోటికొచ్చినయన్ని అన్న నిన్ను."

"అవి గూడ రికార్డు చేసినరా ఏంది? లేదు గద. పోనియ్యి," అంది సైదమ్మ. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

జరిగినదంతా మనస్విని తన చేత్తో రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం ఒకటి కలెక్టరాఫీసుకు, ఒకటి కంపెనీకి పోవాలని, ప్రకటన తిరిగిన ప్రతి ఊళ్లో ఈ పూర్తి రికార్డు వినిపించాలని నాగరాణి చెప్పింది. మనస్విని ఒప్పుకుంది. "ఇంక నా సినిమా ఎట్లనూ లేదు," అంది మెల్లగా.

సైదమ్మ వంగిన నడుముతోనే గోడ పట్టుకుని లేచింది. "ఆ సినిమా ఎవరి గురించి?"

"మీ గురించే అవ్వా."

"అయితే నన్నడగకుండ ఏం రాసినవు నాలుగేండ్లు? ఆ పెట్టె తెరువు. ఇయ్యాల్టి దినం ఇంకా శాన ఉంది."

విజేందర్ కెమెరా నిలబెట్టాడు. గ్లోరీ అవ్వ కొంగుకు మైకు పెట్టింది. మనస్విని నేల మీద, సైదమ్మ పాదాల దగ్గర కూర్చుంది.

"నా పేరు సైదమ్మ," అంది ఆమె. "మా బాపు బాయి తవ్విన యాడాదే నేను పుట్టిన. ఆడికెల్లి చెప్తున్న, ఇను."